విమానం ఎక్కకముందే మిగలాల్సిన డాలర్లు

చెన్నైలో ఇంజినీరింగ్ చదివే తెలుగు పిల్లలు, ముఖ్యంగా పోతేరి, కట్టంకుళత్తూర్, తాంబరం వైపు రూముల్లో ఉండే నెల్లూరు, చిత్తూరు, గుంటూరు వాళ్లు, నాలుగో ఏడాదిలోకి వచ్చేసరికి ఎక్కువగా మాట్లాడుకునేది ఎమ్మెస్ గురించే. అడ్మిట్ వచ్చి, వీసా స్టాంపై, టికెట్ కూడా బుక్ అయ్యాక ఇంట్లో మొదలయ్యే పొదుపు చర్చ దాదాపు అందరి దగ్గరా ఒకటే: సూట్‌కేసులో ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి. రెండు బ్యాగులు, ఒక్కోటి 23 కిలోలు. కందిపొడి తీసేసి చెప్పులు పెట్టాలా, చెప్పులు తీసేసి కుక్కర్ పెట్టాలా అని అర్ధరాత్రి దాకా తూకాలు వేస్తూనే ఉంటారు. అదే ఇంట్లో, మొదటి విడతగా 20,000 డాలర్లు పంపినప్పుడు బ్యాంకు డాలర్‌కి ఎంత వేసిందని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. మేనేజర్ తెలిసినాయనే, ఆయనే చూసుకున్నాడంటారు.

డాలర్‌కి రూపాయిన్నర ఎక్కువ పడితే 20,000 డాలర్ల మీద 30 వేలు పోయినట్టే. ఆ డబ్బుతో కుక్కర్లు, గిన్నెలు, పచ్చళ్లు అన్నీ అక్కడే కొనుక్కోవచ్చు. విదేశాల్లో చదువుకునేవాళ్ల పొదుపు అంటే కాఫీ మానేయడం, బస్సు బదులు నడవడం లాంటి సలహాలే ఎక్కడ చూసినా కనిపిస్తాయి. అవి తప్పని కాదు గానీ, అసలు డబ్బు పోయేది వేరే చోట్ల: మారకం రేటులో, లోన్ విడుదలయ్యే తీరులో, ఇంటి ఒప్పందంలో, పన్ను ఫారాల్లో. వీటిలో చాలావరకు మీనంబాక్కం ఎయిర్‌పోర్ట్ దాటకముందే తేలిపోతాయి. మిగిలినవి అక్కడికి వెళ్లాక ఒకట్రెండు కాగితాలు సరిగ్గా నింపడం మీద ఉంటాయి.

ముందు రేటు సంగతి. టీవీలో, ఫోన్‌లో కనిపించే డాలర్ రేటు బ్యాంకులు తమలో తాము కొనుక్కునే రేటు. మనకి అమ్మేది టీటీ సెల్లింగ్ రేటు, అందులోనే వాళ్ల లాభం కలిసి ఉంటుంది. పెద్ద మొత్తం పంపేటప్పుడు ఈ తేడాని బేరం ఆడి తగ్గించుకోవచ్చని చాలామందికి తెలియదు. కూరగాయల దగ్గర ఐదు రూపాయలకి గొడవపడేవాళ్లు బ్యాంకు కౌంటర్ దగ్గర నోరెత్తరు. చేయాల్సిందల్లా ఒకే రోజు, ఒకే గంటలో రెండు బ్యాంకుల్ని, ఆర్‌బీఐ అనుమతి ఉన్న ఒక ఫారెక్స్ సంస్థని, యూనివర్సిటీ పోర్టల్లో ఫ్లైవైర్ లాంటి మధ్యవర్తి ద్వారా రూపాయల్లో కట్టే దారిని పోల్చి చూసుకోవడం. ప్రశ్న కూడా ఒకటే ఉండాలి: యూనివర్సిటీకి పూర్తిగా 20,000 డాలర్లు చేరాలంటే నా ఖాతాలోంచి మొత్తం ఎన్ని రూపాయలు పోతాయి? 'జీరో ఫీజు' అన్న బోర్డుని నమ్మి రేటు చూడకపోతే ఆ ఫీజు రేటులోంచే లాగేస్తారు.

మారకం మీద జీఎస్టీ గురించి కొందరు తెగ టెన్షన్ పడతారు. అది నిజానికి చిన్న మొత్తం: పది లక్షలు దాటితే 990 రూపాయలు, పైన దాటిన మొత్తం మీద 0.018 శాతం. 18 లక్షలకి 1,134 రూపాయలు. దాని గురించి బుర్ర పాడుచేసుకునే టైంలో రేటు ఇరవై పైసలు తగ్గించమని అడిగితే దానికి మూడింతలు మిగులుతుంది. ఇంకో సంగతి, మధ్యలో ఉండే విదేశీ బ్యాంకులు తమ చార్జీ కోసుకుని పంపితే యూనివర్సిటీకి కొన్ని డాలర్లు తక్కువ చేరతాయి. ఆ కాస్త బాకీకే లేట్ ఫీజు పడొచ్చు, రిజిస్ట్రేషన్ ఆగిపోవచ్చు. కాబట్టి పంపేటప్పుడే విదేశీ చార్జీలు కూడా మేమే భరిస్తామని ఫారంలో పెట్టించుకోవాలి.

చేతి ఖర్చుకి కరెన్సీ నోట్లు ఒక ప్రయాణానికి మామూలుగా 3,000 డాలర్ల వరకే తీసుకెళ్లనిస్తారు, అంత అవసరం కూడా లేదు. ఎయిర్‌పోర్ట్ కౌంటర్లో మార్చుకుంటే రేటు బాగా దెబ్బకొడుతుంది, నుంగంబాక్కంలోనో టీనగర్‌లోనో నాలుగు చోట్ల అడిగి ముందే తీసుకోవడం మేలు. ఇక్కడి డెబిట్ కార్డుని అక్కడ గీకడం మాత్రం ఖరీదైన అలవాటు. 3.5 శాతం మార్కప్, దాని మీద 18 శాతం జీఎస్టీ వేసే కార్డయితే ప్రతి వెయ్యి డాలర్లకి 41 డాలర్లు అదనం. మొదటి వారంలోనే అక్కడ బ్యాంకు ఖాతా తెరిస్తే ఈ బాధ ఉండదు.

తర్వాత టీసీఎస్, అంటే విదేశాలకి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందుగానే పట్టుకునే పన్ను. 2025 ఏప్రిల్ నుంచి ఒక్కొక్కరు ఏడాదికి పంపే మొత్తంలో 10 లక్షల వరకు టీసీఎస్ లేదు. బ్యాంకు లేదా గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థ ఇచ్చిన ఎడ్యుకేషన్ లోన్ డబ్బు అయితే ఎంత పంపినా లేదు. సొంత డబ్బుతో చదివిస్తుంటే 10 లక్షలు దాటిన భాగం మీద 2025-26 ఆర్థిక సంవత్సరంలో 5 శాతం పట్టుకున్నారు. బడ్జెట్‌లలో ఈ రేటు మారుతుంటుంది కాబట్టి పంపే ముందు ఒకసారి చూసుకోవాలి. ఇక్కడ కీలకం, ఈ పరిమితి పంపేవాళ్ల పాన్‌ని బట్టి ఉంటుంది. ఆ 5 శాతం లెక్కన నాన్న ఒక్కరే 15 లక్షలు పంపితే 5 లక్షల మీద 25 వేలు ఆగుతాయి. నాన్న తన ఖాతాలోంచి 8, అమ్మ తన సొంత ఖాతాలోంచి 7 పంపితే ఏమీ ఆగదు. ఆగస్టులో కట్టే ఫాల్ ఫీజు, జనవరిలో కట్టే స్ప్రింగ్ ఫీజు రెండూ ఒకే ఆర్థిక సంవత్సరంలోకి వస్తాయని గుర్తుపెట్టుకుంటే ఈ పంపకం ముందే వేసుకోవచ్చు.

డబ్బు పంపేటప్పుడు బ్యాంకులో నింపే ఫారం ఎ2లో కారణం దగ్గర విదేశీ చదువు అనే ఉండాలి. క్లర్కు తొందరలో కుటుంబ పోషణ అని టిక్ పెడితే 10 లక్షల పైన 20 శాతం లెక్క కడతారు. పట్టుకున్న టీసీఎస్ పోయినట్టు కాదు, రిటర్న్ వేస్తే తిరిగి వస్తుంది. జీతగాళ్లయితే టీసీఎస్ వివరాల ఫారం (2024 అక్టోబర్‌లో వచ్చినప్పుడు దాని పేరు 12బీఏఏ) ఆఫీసులో ఇస్తే నెల నెలా కోసే టీడీఎస్‌లో సర్దేస్తారు. ఏడాదంతా డబ్బు ఇరుక్కుపోవడం ఎందుకు?

అయితే రేటు కంటే, టీసీఎస్ కంటే పెద్ద లెక్క లోన్‌ది. 40 లక్షల లోన్, 11 శాతం వడ్డీ, రెండేళ్ల కోర్సు అనుకుందాం. మొత్తం మొదటి రోజే విడుదలైతే రెండేళ్లలో మామూలు వడ్డీ లెక్కనే 8 లక్షల 80 వేలు. అదే ఆరు నెలలకోసారి పది లక్షల చొప్పున నాలుగు విడతల్లో తీసుకుంటే 5 లక్షల 50 వేలు. తేడా 3 లక్షల 30 వేలు. ఇది జీవనశైలి మార్చుకోకుండా, ఒక పూట కూడా తిండి తగ్గించుకోకుండా, ఒక్క మెయిల్‌తో మిగిలే డబ్బు. అయినా జీవన ఖర్చుల భాగం కూడా ముందే మొత్తం లాగేసి సేవింగ్స్ ఖాతాలో పెట్టుకునేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు, చేతిలో ఉంటే ధైర్యం అని.

దీనికి ఒక అభ్యంతరం చెబుతారు: రూపాయి పడిపోతోంది కదా, ఇప్పుడే పంపేస్తే మంచిది కదా అని. పడిపోతున్న మాట నిజమే. 2022 మొదట్లో 75 దరిదాపుల్లో ఉన్న డాలర్ 2025 డిసెంబర్‌లో 90 దాటింది. కానీ నాలుగేళ్లలో 20 శాతం అంటే ఏటా సగటున 5 శాతం లోపే. 5 శాతం నష్టం తప్పించుకోవడానికి 11 శాతం వడ్డీ కట్టడం లెక్క కాదు. సొంత డబ్బు ఎఫ్‌డీలో ఉండి దాని మీద 6, 7 శాతం వస్తుంటే మాత్రం రెండు వైపులా దాదాపు సమానం, అక్కడ రేటు బాగున్న రోజు చూసి కొంత ముందే పంపుకున్నా తప్పులేదు.

చదువుకునేటప్పుడే నెల నెలా వడ్డీ వరకైనా ఇంట్లోవాళ్లు కట్టగలిగితే అది అసలులో కలవకుండా ఉంటుంది. లోన్‌తో పాటు అంటగట్టే ఇన్సూరెన్స్ తప్పనిసరా అని రాతపూర్వకంగా అడిగితే చాలాసార్లు జవాబు మెత్తబడుతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ మొత్తానికీ ఎనిమిదేళ్ల పాటు మినహాయింపు ఉంది, పై పరిమితి లేదు, కానీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుకి ఇవేవీ వర్తించవు. అది ఏడాదికి 24 శాతం అని గట్టిగా చెప్పుకుంటే గానీ దాని బరువు తెలియదు. వీసా కోసం ఖాతాలో డబ్బు చూపించడానికి కూడా కొందరు ఇలా తెస్తారు, కొన్ని కన్సల్టెన్సీలు అదొక సర్వీసులా అమ్ముతాయి. దొరికితే వీసా పోతుంది, దొరక్కపోయినా ఆ వడ్డీ పిల్లాడి మొదటి సెమిస్టర్ మెస్ ఖర్చంత ఉంటుంది.

కన్సల్టెన్సీల మాట వచ్చింది కాబట్టి, 'మేం ఫ్రీగా చేస్తాం' అనే చోట డబ్బు యూనివర్సిటీ వైపు నుంచి కమిషన్‌గా వస్తుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా అడ్మిషన్లలో ఇది మామూలే. తప్పు కాదు గానీ, ఫీజు తక్కువున్న కాలేజీ కంటే కమిషన్ ఎక్కువున్న కాలేజీ పేరే ముందు వినపడుతుంది. చెన్నైలో ఉన్నవాళ్లకి అన్నా సాలైలో, జెమినీ ఫ్లైఓవర్ పక్కనే అమెరికన్ కాన్సులేట్ ఉంది; అక్కడి యూఎస్‌ఐఈఎఫ్ (భారత్-అమెరికా విద్యా ఫౌండేషన్) వాళ్ల, విద్యార్థులకి సలహాలిచ్చే ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ కేంద్రం ఏ యూనివర్సిటీకీ దళారీ కాదు. హైదరాబాద్‌లో కాన్సులేట్ తెరవకముందు, అంటే 2008 దాకా, ఆంధ్రా వాళ్లంతా వీసా కోసం ఈ గేటు ముందే తెల్లవారుజామున నిలబడేవాళ్లు. ఇప్పుడు ఆ దారినే రోజూ వెళ్లే తెలుగు పిల్లలు కూడా ఆ కేంద్రం గురించి పెద్దగా వినరు, వేళచ్చేరిలో బోర్డు పెట్టిన కన్సల్టెన్సీకే నేరుగా పోతారు. ఎమ్మెస్ ప్రవేశానికి రాసే జీఆర్ఈ పరీక్ష పుస్తకాల కోసం వేలు పెట్టేముందు కోట్టూర్‌పురంలో అన్నా సెంటినరీ లైబ్రరీలో ఒకరోజు కూర్చుని చూడాలి. పరీక్ష రోజున నాలుగు యూనివర్సిటీలకి స్కోరు ఉచితంగా పంపిస్తారు, తర్వాత పంపితే ఒక్కోదానికి విడిగా కట్టాలి. కాలేజీలన్నీ ఆ రోజుకే తేల్చుకుని వెళ్లేవాళ్లు తక్కువ.

ఏ యూనివర్సిటీ అన్నదే అసలు ఖర్చుని తేల్చేస్తుంది. టెక్సాస్‌లో తెలుగువాళ్లు అంతమంది ఎందుకున్నారంటే బంధువులు, ఎండ, ఉద్యోగాలు అని చెబుతారు. ఇంకో కారణం కూడా ఉంది: అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో కనీసం 1,000 డాలర్ల కాంపిటీటివ్ స్కాలర్‌షిప్ వస్తే బయటి విద్యార్థికి కూడా ఇన్-స్టేట్ ఫీజే, అంటే ఆ రాష్ట్రం వాళ్లకి వేసే తక్కువ ఫీజే వేసే వెసులుబాటు రాష్ట్ర చట్టంలో ఉంది. సీట్లకి పరిమితి ఉంటుంది, అందరికీ రాదు, కానీ వచ్చినవాళ్లకి ఆ వెయ్యి డాలర్ల కంటే దాని వెనకాల తగ్గే ఫీజు ఎన్నో రెట్లు. ఈ స్కాలర్‌షిప్ గడువు అడ్మిషన్ గడువు కంటే ముందే ముగిసిపోవచ్చు కాబట్టి అడ్మిట్ వచ్చాక చూద్దాంలే అనుకునేవాళ్లు దీన్ని పోగొట్టుకుంటారు. టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌ల సంగతీ అంతే, ప్రొఫెసర్లకి ముందు నుంచే మెయిల్స్ పెట్టేవాళ్లదే పైచేయి.

తక్కువ ఫీజు, క్లాసులకి వెళ్లక్కర్లేదు, మొదటి రోజు నుంచే ఉద్యోగం అని చెప్పే చోటికి మాత్రం పోకూడదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో వీసా మోసం కేసులో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారుల దాడి జరిగినప్పుడు అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది మన ఆంధ్రా పిల్లలే, కొందరి కాళ్లకి ట్రాకర్లు కట్టారు. యజమానురాలికి 2014లో 16 ఏళ్లు దాటిన జైలుశిక్ష పడింది. 2019లో బయటపడ్డ మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ వాళ్లే వల వేయడానికి పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అందులోనూ తెలుగువాళ్లు చిక్కుకున్నారు. అక్కడ కట్టిన ఫీజులో ఒక్క రూపాయీ వెనక్కి రాలేదు అనుకున్నా అది చిన్న నష్టమే, కెరీర్ పోవడంతో పోలిస్తే.

జర్మనీ లెక్క వేరు. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కి కొంత కంట్రిబ్యూషన్ మాత్రమే. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో సెమిస్టర్‌కి 1,500 యూరోలు వేస్తారు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఇప్పుడు యూరప్ బయటి వాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటోంది. వీసా కోసం ముందే జమ చేసి చూపించాల్సిన 11,904 యూరోల బ్లాక్డ్ అకౌంట్‌ని ఖర్చు అనుకుని భయపడతారు. అది మీ డబ్బే, నెలకి 992 చొప్పున మీకే తిరిగొస్తుంది. అక్కడ పార్ట్‌టైమ్ జీతం భాషని బట్టి మారుతుంది. ఇంగ్లీషుతోనే సరిపెట్టుకుంటే గోడౌన్లు, డెలివరీలు. జర్మన్ వస్తే సబ్జెక్టుకి దగ్గరగా ఉండే పని. నుంగంబాక్కం రట్లాండ్ గేట్‌లో జర్మన్ నేర్పే మాక్స్‌ముల్లర్ భవన్‌లో కట్టే ఫీజు ఎక్కువే అనిపిస్తుంది గానీ, వెళ్లాక అక్కడ యూరోల్లో నేర్చుకోవడం కంటే ఇదే చవక.

మిగతా దేశాలవి క్లుప్తంగా. బ్రిటన్‌లో హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 776 పౌండ్లు వీసాతోనే కట్టాలి, వీసా ఎన్నాళ్లైతే అన్నాళ్లకి. ఫుల్‌టైమ్ విద్యార్థులకి కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద స్థానిక సంస్థ వేసే పన్ను) లేదు, కానీ అదే ఇంట్లో ఉద్యోగం చేసుకునే ఒక్కడున్నా బిల్లు వస్తుంది. రూమ్మేట్‌ని ఎంచుకునేటప్పుడు ఇది చూసుకోరు. కెనడాలో సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్ బయట వారానికి 24 గంటలు, ఆస్ట్రేలియాలో రెండు వారాలకి 48 గంటలు పని చేయొచ్చు. ఆస్ట్రేలియా వీసా ఫీజుని 2025 జులైలో 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లకి పెంచారు, వీసా రాకపోతే అది వెనక్కి రాదు.

ఇక సూట్‌కేసు. ఇక్కడి మిక్సీ అమెరికాలో పనికిరాదు, అక్కడ కరెంటు 110-120 వోల్టులు; అందుకే చెన్నై షాపుల్లో 110 వోల్ట్ మిక్సీ అని అడిగి కొంటారు, నలుగురు రూమ్మేట్స్‌కి ఒకటి చాలు. కుక్కర్‌కి ఆ గొడవ లేదు. చలి కోటు టీనగర్‌లో కొనడం దండగ. చెన్నై వాడికి చలి అంటే డిసెంబర్ తెల్లవారుజాము, ఆ అంచనాతో కొన్న జాకెట్ మిన్నెసోటాలో లోపలి చొక్కాకి సరిపోతుంది. బరువుతో కాకుండా బిల్లుతో చూస్తే నిజంగా ఇక్కడ చేయించుకుని వెళ్లాల్సినవి పళ్లు, కళ్లు. విద్యార్థుల ఇన్సూరెన్స్‌లో పంటి వైద్యం చాలావరకు ఉండదు, గోటితో పోయేది అక్కడికి వెళ్లాక గొడ్డలి దాకా వస్తుంది. ఉన్న పుచ్చు పన్ను పూడిపించుకోవడం, జ్ఞానదంతం ఎక్స్‌రే తీయించుకోవడం, రెండు జతల కళ్లద్దాలు, ఆ పవర్ చీటీ. ట్రాన్స్‌క్రిప్టులు కూడా సీల్డ్ కవర్లలో నాలుగైదు సెట్లు ఎక్కువే తీసుకోవాలి, తర్వాత వాటి కోసం ఇంకెవరో కాలేజీ ఆఫీసు చుట్టూ తిరగాలి.

పుస్తకాల విషయంలో ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. కార్నెల్‌లో చదువుకున్న సుపాప్ కిర్ట్‌సెంగ్ అనే థాయ్‌లాండ్ విద్యార్థి, తన దేశంలో చవగ్గా దొరికే అవే పాఠ్యపుస్తకాలని బంధువులతో తెప్పించి అమెరికాలో అమ్మాడు. ప్రచురణ సంస్థ వైలీ కేసు వేసింది. 2013లో అమెరికా సుప్రీంకోర్టు విద్యార్థి పక్షానే తీర్పిచ్చింది: విదేశంలో చట్టబద్ధంగా కొన్న పుస్తకాన్ని తిరిగి అమ్ముకునే హక్కు కొన్నవాడిదే. కాబట్టి మన చవక ఎడిషన్లు పట్టుకెళ్లడానికి ఇబ్బంది లేదు. అలాగని పది కిలోల పుస్తకాలు మోయాల్సిన పనీ లేదు. ఇండియన్ ఎడిషన్లో లెక్కల నంబర్లు వేరుగా ఉండొచ్చు, పైగా ఎమ్మెస్ కోర్సులు చాలావరకు స్లైడ్లు, పేపర్ల మీదే నడుస్తాయి. అక్కడి లైబ్రరీలో రిజర్వ్ కాపీ ఉందేమో చూశాకే ఏదైనా కొనాలి.

దిగాక మొదటి పెద్ద ఖర్చు ఇల్లు. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో రూమ్ దొరకడం తేలికే, హాల్ షేరింగ్ అయితే ఇంకా చవక. కానీ సంతకం పెట్టేది చదవరు. నలుగురు కలిసి ఒకే లీజు మీద సంతకం పెడితే మొత్తం అద్దెకి ప్రతి ఒక్కరూ పూచీ. మే నెలలో ఒకడికి వేరే ఊళ్లో ఇంటర్న్‌షిప్ వచ్చి వెళ్లిపోతే వాడి వాటా మిగిలిన ముగ్గురి మీదే పడుతుంది, అది వాడి మంచితనం మీద ఆధారపడాల్సిన విషయం అవుతుంది. ఒక్కొక్కరికీ విడి ఒప్పందం ఇచ్చే స్టూడెంట్ హౌసింగ్ నెలకి కొంచెం ఎక్కువైనా ఏడాది చివర్లో చవక పడొచ్చు. సమ్మర్‌లో మన గదిని ఇంకొకరికి సబ్‌లీజుకి ఇవ్వొచ్చా లేదా అన్నది రాతలో ఉండాలి. దిగిన రోజే గోడలు, కార్పెట్, ఫ్రిజ్ లోపల ఫోటోలు తీసి ఆఫీసుకి మెయిల్ చేయాలి. చెన్నైలో అడ్వాన్స్‌లోంచి పెయింటింగ్ పేరుతో కోసేస్తే నోరు మూసుకుని వచ్చేయడం మనకి అలవాటు. అక్కడ డిపాజిట్‌కి చట్టం ఉంది: కాలిఫోర్నియాలో 21 రోజుల్లో, టెక్సాస్‌లో 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి లేదా దేనికి కోశారో పద్దు రాసివ్వాలి. టెక్సాస్‌లో అయితే మీ కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. ఖాళీ చేసే హడావుడిలో ఆ ఒక్క మెయిల్ మర్చిపోయి డిపాజిట్ వదిలేసుకుంటారు.

తిండి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, మనవాళ్లకి వంట వంతులు వేసుకోవడం ఒకరు నేర్పక్కర్లేదు. బయట పూటకి 12 డాలర్లు పెట్టి నెలకి ఇరవై సార్లు తింటే 240 డాలర్లు, ఇండియన్ స్టోర్‌లో బియ్యం, పప్పు నలుగురూ కలిసి కొంటే అందులో చాలావరకు మిగులుతుంది. హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం సెమిస్టర్‌కి సెమిస్టర్ ఫీజులో తెలియకుండా కలిసిపోతుంది. కొన్ని యూనివర్సిటీలు బయటి ప్లాన్ చూపిస్తే దాన్ని తీసేస్తాయి, దానికి గడువు సెమిస్టర్ మొదట్లోనే. అన్నిటికంటే చవక ప్లాన్ తీసుకుంటే డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మనమే కట్టాల్సిన మొత్తం) ఎక్కువుండి, చిన్న జబ్బుకే జేబులోంచి పోతుంది, కాబట్టి ప్రీమియం ఒక్కటే చూసి మురిసిపోకూడదు. జ్వరానికి క్యాంపస్ హెల్త్ సెంటర్ ఉండగా ఎమర్జెన్సీకి పరుగెత్తడం ఇంకో పొరపాటు.

సంపాదన దగ్గరికొస్తే, అమెరికా విద్యార్థి వీసా అయిన ఎఫ్-1లో సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలు. పెట్రోల్ బంకులో, రెస్టారెంట్‌లో చేతికి డబ్బిచ్చే పని పొదుపు లెక్కలోకి రాదు. గంటకి పదో పన్నెండో డాలర్ల కోసం 40 లక్షల లోన్ ఉన్న చదువుని పణంగా పెట్టడం అది.

ఇక్కడే మన పిల్లలు చేతికొచ్చిన డబ్బు వదులుకునే చోటు ఒకటుంది: పన్ను. గంటకి 13 డాలర్లు, వారానికి 20 గంటలు, 32 వారాలు పనిచేస్తే 8,320 డాలర్లు. మామూలుగా ఎఫ్-1 విద్యార్థి పన్ను లెక్కల్లో నాన్-రెసిడెంట్, నాన్-రెసిడెంట్లకి స్టాండర్డ్ డిడక్షన్ లేదు. కానీ 1989 నాటి భారత్-అమెరికా పన్ను ఒప్పందంలో 21వ అధికరణం భారతీయ విద్యార్థులకి ఆ డిడక్షన్ ఇచ్చింది. పక్క బెంచీలోని చైనా, నేపాల్ విద్యార్థికి ఈ డిడక్షన్ ఉండదు. 2025 ఆదాయానికి అది 15,750 డాలర్లు, అంటే పై లెక్కలో ఫెడరల్ పన్ను సున్నా, జీతంలో కోసింది మొత్తం వెనక్కి. ఫారం 1040-ఎన్ఆర్ వేయాలి, ఒప్పందం అధికరణం రాసి. తెలిసినవాడి సలహాతో మామూలు సాఫ్ట్‌వేర్‌లో 1040 వేసేస్తే రెసిడెంట్ అని ప్రకటించుకున్నట్టు, తర్వాత వీసా విషయాల్లో దాన్ని సరిచేసుకోవడం తలనొప్పి. ఏమీ సంపాదించకపోయినా, విద్యార్థిగా ఉన్నానని చెప్పే ఫారం 8843 పంపాలి. రాష్ట్రాల పన్ను విడిగా ఉంటుంది, కాలిఫోర్నియా లాంటివి ఈ ఒప్పందాన్ని లెక్కలోకి తీసుకోవు.

ఇంకా పెద్దది పింఛను, వృద్ధుల వైద్యం కోసం జీతంలోంచి తీసే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత, రెండూ కలిపి 7.65 శాతం. ఎఫ్-1 మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఇది కోయకూడదు, ఓపీటీలో, అంటే చదువయ్యాక ఎఫ్-1 మీదే ఇచ్చే పని అనుమతిలో, ఉద్యోగం చేస్తున్నా సరే. 80,000 డాలర్ల జీతం మీద ఏడాదికి 6,120 డాలర్లు. చిన్న కంపెనీల పేరోల్‌లో ఈ సంగతి తెలియక కోసేస్తుంటారు, జీతం స్లిప్పు చూసుకోనివాడికి తెలియనే తెలియదు. ముందు కంపెనీనే అడగాలి, వాళ్లు ఇవ్వకపోతే ఫారం 843కి 8316 జతచేసి పన్ను శాఖకి పంపాలి, అదీ మూడేళ్ల గడువులోపు.

ఆ ఐదేళ్లని ఎలా లెక్కపెడతారన్నది స్ప్రింగ్‌లో చేరేవాళ్లు టికెట్ కొనేముందే తెలుసుకోవాలి. ఏడాదిలో ఒక్కరోజు ఎఫ్-1 మీద అక్కడున్నా ఆ సంవత్సరం మొత్తం లెక్కలోకి వస్తుంది. 2026 జనవరిలో క్లాసులు మొదలయ్యే పిల్లాడు 2025 డిసెంబర్ 29న దిగితే 2025 మొదటి ఏడాది అయిపోతుంది, 2029తో ఐదేళ్లూ తీరిపోతాయి. రెండేళ్ల ఎమ్మెస్, స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్ లాంటి) కోర్సుల వాళ్లకి వచ్చే మూడేళ్ల ఓపీటీ వేసుకుంటే ఆఖరి ఏడాది 2030. ఆ ఏడాది జీతంలో 7.65 శాతం కోత పడుతుంది. జనవరి 2న దిగితే పడదు. కన్సల్టెన్సీ వాళ్లు డిసెంబర్ ఆఖర్లో టికెట్ చవగ్గా ఉందని చెప్పినప్పుడు, యూనివర్సిటీ ఓరియెంటేషన్ తేదీ ఒప్పుకుంటే, ఆ నాలుగు రోజులు ఆగి ఎక్కడానికి ఎంత ఎక్కువవుతుందో అడిగి చూడాలి.